సిక్కోలులో ఉండే మన గుళ్ళ చరిత్ర చదవాలంటే

డిగ్రీలో చరిత్ర, టూరిజం లాంటివి చదువుతున్న పిల్లలు కొందరు ఈమధ్య తరచూ ఒకే మాట అడుగుతున్నారు. ప్రాజెక్టుకి మన జిల్లా గుడి ఏదైనా తీసుకుందామంటే మెటీరియల్ దొరకడం లేదండీ, హైదరాబాద్ వెళ్ళి లైబ్రరీలో కూర్చోవాలా అని. అక్కర్లేదు. మెటీరియల్ బోలెడంత ఉంది, చాలావరకు ఉచితంగానే ఉంది, చేతిలో ఉన్న ఫోనులోకే వస్తుంది. చిక్కల్లా ఏమిటంటే అది ఒక్కచోట లేదు, మనం వెతికే పేర్లతోనూ లేదు. దాన్ని పట్టుకోవడం ఎలాగో, పట్టుకున్నాక ఏం చెయ్యాలో నాకు తెలిసినంత మేర రాస్తున్నాను. ముందే ఒక మాట. గుడికి వెళ్ళడం మానేసి స్క్రీన్ మీద చూసుకోవడానికి ఇవన్నీ చెప్పడం లేదు. వెళ్ళేముందు ఏ గోడ దగ్గర ఆగాలో తెలుసుకోవడానికి, వచ్చాక చూసింది పోకుండా దాచుకోవడానికి చెబుతున్నాను.

మొదట పేర్ల సంగతి, ఎందుకంటే సగం మంది ఇక్కడే ఆగిపోతున్నారు. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. పాత రిపోర్టుల్లో ఆ జిల్లా పేర్లతో వెతికితే ఏం దొరుకుతుంది? 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ముఖలింగం, శ్రీకూర్మం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కింద ఉండేవి, విజయనగరం వైపు ఊళ్ళు విశాఖపట్నం జిల్లా కింద ఉండేవి. శ్రీకాకుళాన్ని అప్పటి ఇంగ్లీషువాళ్ళు చికాకోల్ అని రాసేవారు. విశాఖపట్నం వైజాగపటం, భీమిలి బిమ్లిపటం, విజయనగరానికి స్పెల్లింగులో ఒక అక్షరం తక్కువ. కాబట్టి వెతికేటప్పుడు చికాకోల్ అనీ గంజాం అనీ కొట్టండి, అప్పటిదాకా కనబడని పుస్తకాలు వరసగా వస్తాయి. ఊరి పేరుకి కూడా రెండు మూడు స్పెల్లింగులు ప్రయత్నించాలి, శ్రీ అన్నది కలిపి ఒకసారి, విడదీసి ఒకసారి, అసలు తీసేసి ఒకసారి. తెలుగు పుస్తకాలైతే మరీ కష్టం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన లక్షల పుస్తకాల్లో తెలుగువి చాలానే ఉన్నాయి కానీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎక్కించారు. పూర్తి పేరు కొట్టకుండా రచయిత ఇంటిపేరో, పుస్తకం పేరులో ఒక చిన్న ముక్కో కొడితే దొరికే అవకాశం ఎక్కువ.

ఇక ఎక్కడ వెతకాలి అంటే, ఒక్క చోటే చెప్పమంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ అంటాను. పైన చెప్పిన డిజిటల్ లైబ్రరీ పుస్తకాలు ఎక్కువ భాగం అక్కడే ఉన్నాయి. రాబర్ట్ సూయెల్ 1882లో వేసిన మద్రాసు ప్రెసిడెన్సీ ప్రాచీన కట్టడాల జాబితా, అదే ఏడాది వచ్చిన మాల్ట్‌బీ గంజాం జిల్లా మాన్యువల్, కార్మైకేల్ 1869లో రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, 1907 నాటి ఫ్రాన్సిస్ విశాఖపట్నం జిల్లా గెజిటీర్, ఇవన్నీ కాపీరైట్ ఎప్పుడో తీరిపోయిన పుస్తకాలు. హాయిగా దించుకోవచ్చు. పురావస్తు శాఖ పాత వార్షిక నివేదికలు కూడా ఉన్నాయి. విజయనగరం వాళ్ళయితే 1910-11 నివేదిక తప్పకుండా తీసుకోండి, రామతీర్థంలో గురుభక్తుల కొండ మీదా దుర్గకొండ మీదా అలెగ్జాండర్ రే తవ్వించిన బౌద్ధ కట్టడాల గురించిన వ్యాసం అందులో ఉంది. ఆ పేజీలు ఫోనులో పెట్టుకుని కొండెక్కితే రాళ్ళ గుట్టలా కనబడేది కాస్తా ఇది భిక్షువులుండే విహారం, ఇది పూజ చేసే చైత్యం అని విడివిడిగా తెలుస్తుంది. 1953-54 నుంచి పురావస్తు శాఖ ఏటా వేస్తూ వచ్చిన సమీక్షా సంచికలు వాళ్ళ సైట్‌లోనే పీడీఎఫ్‌లుగా ఉన్నాయి. శాలిహుండం తవ్వకాల సంగతి చదవాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. కేంద్ర సాంస్కృతిక శాఖవాళ్ళు 2019లో తెరిచిన ఇండియన్ కల్చర్ పోర్టల్, ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ కూడా చూడండి, ఒకచోట దొరకని సంపుటం ఇంకోచోట దొరుకుతుంది. కళింగాన్ని ఏలిన గాంగుల చరిత్ర కావాలంటే ఒడిశా ప్రభుత్వం వేసే ఒడిశా రివ్యూ పాత సంచికలు కూడా ఆన్‌లైన్లో ఉచితం. గాంగుల రాజ్యం మన జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోలేదు కదా, మన చదువు కూడా ఆగకూడదు.

ముఖలింగం మీద చదివేవాళ్ళు ఎవరైనా మొదట చదవాల్సింది ఒకటుంది. శాసనాల పాఠాలూ వాటి మీద వ్యాసాలూ అచ్చువేసిన ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటం, 1896-97 నాటిది. అందులో శాలివాహన శకం 979 నాటి, గాంగ రాజు వజ్రహస్తుడి నడగాం తామ్రశాసనాల మీద ఒక వ్యాసం ఉంది. రాసింది గిడుగు రామమూర్తి గారు. అవును, వాడుక భాష కోసం పోరాడిన ఆ గిడుగువారే. పర్లాకిమిడిలో మేష్టారుగా పనిచేస్తూ శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారాయన. గాంగుల రాజధాని కళింగనగరం అంటే మన ముఖలింగమే అని గుర్తించి చెప్పిందీ ఆయనే. 1919లో శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వేసి ఉపన్యాసాలు చెప్పే మన కాలేజీల్లో ఈ వ్యాసం చదివించేవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు తెలీదు గానీ, ఒక్కసారి ఆ పేజీలు తెరిచి చూడండి, వంశధార ఒడ్డున పుట్టిన మనిషి ఆ ఒడ్డునే ఉన్న ఊరి గురించి ఎంత శ్రద్ధగా వాదించాడో చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది.

ఎపిగ్రాఫియా ఇండికా పక్కనే పెట్టుకోవాల్సింది సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ అయిదో సంపుటం. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాలు అందులో వరసగా ఉన్నాయి. సింహాచలం శాసనాలు కావాలంటే ఆరో సంపుటం. చాలామంది ఈ పేరు చూసి ఇంగ్లీషు పుస్తకం అనుకుని పక్కన పెట్టేస్తారు. లోపల తెలుగు శాసనాలు తెలుగు లిపిలోనే అచ్చయి ఉన్నాయి, అంటే ఇంగ్లీషు అంతగా రాని పిల్లలు కూడా నేరుగా చదువుకోవచ్చు. దానం ఇచ్చిందెవరు, ఎన్ని మాడలు (అప్పటి బంగారు నాణేలు), అఖండ దీపానికి ఎన్ని గొర్రెలు, ఎవరు సాక్షులు, అన్నీ ఉంటాయి. రెండు మూడు శాసనాలు కూడబలుక్కుని చదివితే ఆ పద్ధతి అలవాటైపోతుంది, తర్వాతవి అంత కష్టమనిపించవు.

అసలు పని ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. శ్రీకూర్మంలో నరహరి తీర్థుల శాసనం ఒకటి ఉంది. మధ్వాచార్యుల శిష్యుడు ఆయన, కళింగంలో అధికారం చేసినవాడు. ఆ శాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా ఆరో సంపుటంలో హెచ్. కృష్ణశాస్త్రిగారు ప్రచురించారు. శకం 1203 నాటిది, అక్కడ యోగానంద నరసింహుడికి గుడి కట్టించిన విషయం చెబుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి ఆ సంపుటం దించుకుని, ఆ నాలుగైదు పేజీలు మాత్రం విడిగా తీసి ఫోనులో పెట్టుకోండి. సంపుటం మొత్తం తెరిస్తే గుడిలో నెట్ సరిగా రాక, ఫోను బిగుసుకుపోయి తలనొప్పి. అచ్చులో సంస్కృత పాఠం రోమన్ అక్షరాల్లో ఉంటుంది, చుక్కలూ గీతలూ పెట్టి. దాన్ని అక్షరముఖ అనే సైట్‌లో వేస్తే తెలుగు లిపిలోకి మారుతుంది. ఆ రోజుల్లో వాడిన రోమన్ పద్ధతి ఇప్పటిదానికి కొంచెం తేడా కాబట్టి కొన్ని అక్షరాలు చేత్తో దిద్దుకోవాలి. ఇక ఏడాది లెక్క. శకానికి 78 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, 1203కి 78 కలిపితే 1281. కానీ శక సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది గనక, జనవరి నుంచి ఉగాది లోపు వచ్చే తేదీలకు 79 కలపాలి. గాంగ రాజు అనంతవర్మ చోడగంగు పట్టాభిషేకం శకం 999 అని శాసనాల్లో ఉంటే పుస్తకాల్లో 1078 ఫిబ్రవరి అని చూసి తప్పేమో అనుకునే పిల్లలు ఉన్నారు. తప్పు కాదు, ఈ లెక్కే.

తీరా స్తంభం దగ్గర నిలబడితే మొదట ఏమీ కనబడదు. ఎదురుగా లైటు వేస్తే రాయి మొత్తం తెల్లగా మెరిసి అక్షరాలు ఇంకా మాయమైపోతాయి. టార్చిని స్తంభానికి దాదాపు ఆనించి, పక్కనుంచి వాలుగా వెయ్యాలి. అప్పుడు ప్రతి గీత ఒక అంచున నీడ పట్టి లేచి నిలబడుతుంది. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, ఇలా వెలుగు మారుస్తూ ఫోను కదలకుండా ఫోటోలు తీసుకుంటే, ఒకదానిలో కనబడని కొమ్ము ఇంకోదానిలో కనబడుతుంది. మ్యూజియంలవాళ్ళు ఇదే పనిని ఆర్‌టీఐ (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్) అనే పద్ధతిలో పదుల కొద్దీ ఫోటోలతో చేస్తారు, ఆ ఫోటోలన్నీ కలిపి వెలుగుని స్క్రీన్ మీదే తిప్పుకునే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మనకి మొదట్లో ఫోనూ టార్చీ చాలు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, అక్షరాలు కనబడాలని సుద్దముక్కతో గియ్యకండి, పిండి పుయ్యకండి, నూనె రాయకండి. రాయికి ఉన్న సూక్ష్మమైన రంధ్రాల్లోకి అది దిగిపోయిందంటే మళ్ళీ రాదు. ఫోటో తీసేముందు గుడివాళ్ళ అనుమతి తీసుకోండి. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి విడిగా అనుమతి ఉండాలి. దేవస్థానాల గుళ్ళలో లోపల ఫోటోలు వద్దంటే వద్దనే, గొడవ పడొద్దు. ఎందుకు తీస్తున్నామో చెబితే చాలాసార్లు అర్చకులే దగ్గరుండి చూపిస్తారు. "ఏటి బాబూ, ఆ రాయిలో అంతసేపు ఏటి సూస్తన్నావు" అని ఒక పెద్దాయన అడిగితే ఫోనులో ఉన్న తెలుగు పాఠం చదివి వినిపించాను, ఆయన ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చి మళ్ళీ చదవమన్నాడు.

శ్రీకూర్మంలోనే ప్రదక్షిణ మండపం గోడల మీద ఉన్న వర్ణచిత్రాలకి ఇంకో పనిముట్టు ఉంది, పేరు డీస్ట్రెచ్. గుహల్లో వెలిసిపోయిన బొమ్మలు చూడటానికి జాన్ హార్మన్ అనే ఆయన తయారుచేశాడు, ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలిపి వాడుకోవాలి. అది చేసే పని ఏమిటంటే, మన కంటికి ఒకే మట్టిరంగులా కనబడే చోట ఉన్న చిన్న చిన్న రంగు తేడాల్ని పట్టి సాగదీసి పెద్దవి చేస్తుంది. ఎరుపులకి ఒక సెట్టింగు, పసుపులకి ఒకటి, నలుపులకి ఒకటి ఉంటాయి. మసి పట్టి, చెమ్మ కారి, ఒక మరకలా మిగిలిన చోట ఫోటో తీసి ఎరుపుల సెట్టింగు పెట్టి చూడండి. చెయ్యి అంచు, చీర కుచ్చిళ్ళు, కిరీటం కొస, ఇలా గీత దొరుకుతూ ఉంటే ఇంకా ఇంకా వెతకాలనిపిస్తుంది. కానీ డీస్ట్రెచ్ చేసిన ఫోటోలో రంగులు అసలు రంగులు కావు. ఊదా, ఆకుపచ్చ అలా దొంగరంగులు వస్తాయి. ప్రాజెక్టులో పెట్టేటప్పుడు అసలు ఫోటో పక్కనే పెట్టి, ఇది డీస్ట్రెచ్ చేసిన ఫోటో అని కింద రాయాలి. రాయకుండా వాట్సాప్‌లో పంపితే, గుడిలో బొమ్మలు నిజంగానే ఆ రంగుల్లో ఉన్నాయని నాలుగు ఊళ్ళు నమ్మేస్తాయి.

అరసవల్లి గురించి చెప్పకుండా ఎలా ఉంటాను. ఏటా మార్చిలో ఒకసారి, అక్టోబరు మొదట్లో ఒకసారి ఉదయపు కిరణాలు స్వామి పాదాలు తాకడం అందరికీ తెలిసిందే, ఆ రోజుల్లో క్యూలో నిలబడనివాళ్ళు సిక్కోలులో తక్కువ. కానీ ఆ రెండు నెలలే ఎందుకు అని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. సన్‌కాల్క్ అని ఒక వెబ్‌సైట్ ఉంది, బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది. మ్యాపులో అరసవల్లి గుడి మీద పిన్ను పెట్టి, తేదీ మార్చి 10 పెట్టండి. సూర్యుడు ఉదయించే దిక్కు ఒక గీతగా కనబడుతుంది. సరిగ్గా తూర్పుకి కాకుండా సుమారు నాలుగు డిగ్రీలు దక్షిణంగా ఉంటుంది. ఇప్పుడు తేదీ అక్టోబరు 2 పెట్టండి. గీత దాదాపు అక్కడికే వస్తుంది. ఉత్తరాయణంలో సూర్యుడు పైకి వెళుతూ ఒకసారి, దక్షిణాయనంలో కిందికి దిగుతూ ఒకసారి అదే చోటు దాటతాడు, అందుకే రెండుసార్లు. మార్చి 10 నుంచి జూన్ 21కి ఎన్ని రోజులో, జూన్ 21 నుంచి అక్టోబరు 2కి సరిగ్గా అన్నే రోజులు, లెక్కపెట్టి చూడండి. గుడి కట్టినవాళ్ళు గర్భగుడి నుంచి ద్వారాల వరకు ఆ గీత అడ్డం లేకుండా సాగేలా చూసుకున్నారన్నమాట. ఇది తెలిశాక దర్శనం మీద భక్తి తగ్గుతుందా అని ఒకరు అడిగారు. నాకైతే పెరిగింది. దాని వెంటే ఇంకో పని చెయ్యొచ్చు. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అక్కడ సాయంత్రపు గీత ఏ తేదీకి ఎటు పడుతుందో చూడండి. ముఖలింగంలో మూడు గుళ్ళకీ చూడండి. ఒక్క పూటలో మంచి చిన్న ప్రాజెక్టు అవుతుంది.

శాటిలైట్ ఫోటోల గురించి ఎక్కువ చెప్పను, గూగుల్ ఎర్త్ అందరికీ అలవాటే. అందులో రూలర్ ఉంది, పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి తిప్పి చూసుకునే సౌకర్యం ఉంది, ఈ రెండూ చాలామంది వాడరు. 1713లో మొదలైన విజయనగరం కోటని పైనుంచి చూసి నాలుగు బురుజుల మధ్య దూరం కొలవండి, చతురస్రం ఎంత కచ్చితంగా ఉందో తెలుస్తుంది. సరుబుజ్జిలి దగ్గర దంతవరపుకోట మట్టి కట్టని నేల మీద నడుస్తూ చూస్తే పొలం గట్టులా ఉంటుంది, పైనుంచి చూసుకుని వెళితే ఎక్కడ నడుస్తున్నామో అర్థమవుతుంది. ఇస్రో వాళ్ళ మ్యాపుల సైట్ భువన్ కూడా ఉంది, రెండూ పోల్చుకోండి.

శిల్పం చదవాలంటే ఒక్క గుడి చూస్తే చాలదు, పోలిక కావాలి. ఒకప్పుడు ఇదే మనవల్ల అయ్యేది కాదు. భువనేశ్వర్ వెళ్ళి చూసి, మళ్ళీ ముఖలింగం వచ్చి, గుర్తుపెట్టుకుని పోల్చాలి. ఇప్పుడు రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టుకోవచ్చు. భువనేశ్వర్ పరశురామేశ్వరం ఏడో శతాబ్దానిది, దాని గర్భగుడి గుమ్మం పైన గ్రహాలు ఎనిమిదే, కేతువు లేడు. కళింగ గుళ్ళలో తొమ్మిదో గ్రహం తర్వాత కాలంలో వచ్చి చేరాడు. అందుకని గుమ్మం పైన గ్రహాల పలక కనబడిన చోటల్లా లెక్కపెట్టండి, కాలం తేల్చడానికి అదొక ఆధారం. ఒక్క దాని మీదే తీర్పు చెప్పకూడదు, శిఖరం, తలుపు చెక్కడం, ద్వారపాలకులు అన్నీ కలిపి చూడాలి. ఇలాంటి పోలికకి ఎవరైనా ఫోటోలు పెట్టి, ఎవరైనా వాడుకునే వికీమీడియా కామన్స్ బాగుంటుంది. గురుగ్రామ్‌లో ఉన్న అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వాళ్ళ ఫోటో భాండాగారం ఇంకా బాగుంటుంది. దేశమంతా తిరిగి గుళ్ళని పద్ధతిగా, ఏ వైపు ఏ గూడు అని రాసి మరీ తీసిన ఫోటోలవి. అమరావతి శిల్పాలైతే బ్రిటిష్ మ్యూజియం సైట్‌లో ఒక్కొక్క ఫలకం విడిగా చూడొచ్చు. నాగార్జునకొండ, సాలార్‌జంగ్ మ్యూజియంల వస్తువులు మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్‌లో ఉన్నాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి కాపీరైట్ లేని కళాఖండాల ఫోటోలన్నీ ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని వదిలేసింది, వాళ్ళ పాత ప్రచురణలు కూడా పీడీఎఫ్‌లుగా ఇస్తుంది. బొమ్మని ఎలా చూడాలో అసలు మొదటి నుంచి నేర్చుకోవాలనుకుంటే స్మార్ట్‌హిస్టరీ చిన్న చిన్న వీడియోలు మంచివి. పరిశోధన వ్యాసాలు ఉండే జేస్టోర్‌లో ఉచితంగా రిజిస్టర్ అయితే నెలకి వంద వ్యాసాల వరకు ఆన్‌లైన్లో చదువుకోవచ్చు, కాలేజీకి చందా లేకపోయినా సరే. ఇది తెలియక దిగులు పడేవాళ్ళని చాలామందిని చూశాను.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే సంగతి. ఫోటోలు తీసేవాళ్ళు లక్షమంది ఉన్నారు, కింద రాసేవాళ్ళు లేరు. ముఖలింగం వెళ్ళి వచ్చినవాళ్ళ ఫోను చూడండి, రెండు వందల ఫోటోలు ఉంటాయి, అందులో ఏది మధుకేశ్వరం, ఏది సోమేశ్వరం, ఏది భీమేశ్వరం, ఏది దక్షిణపు గోడ, నెల తిరిగేసరికి తీసినవాళ్ళకే తెలీదు. చదువుకి అలాంటి ఫోటో పనికిరాదు. అందుకని ముందు గుడి మొత్తం దూరంనుంచి ఒకటి, తర్వాత ఒక్కో వైపు ఒకటి, ఆ తర్వాత గూళ్ళు తూర్పు నుంచి ప్రదక్షిణంగా, చివరికి దగ్గర ఫోటోలు. ఈ వరస తప్పకుండా పెట్టుకోండి. మూల తిరిగిన ప్రతిసారీ అరచేతి మీద దిక్కు పేరు రాసుకుని ఆ చెయ్యి ఫోటో తీసినా సరే, ఇంటికొచ్చాక అదే కాపాడుతుంది. ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉంచండి. కొలత కోసం పక్కన ఒక స్కేలు పెట్టండి, శిల్పానికి తగలకుండా. ఇంటికొచ్చాక ల్యాప్‌టాప్‌లో ట్రాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. ఫోటోల్ని ఒక శాసనానికో ఒక గూటికో సంబంధించినవిగా కట్టలు కట్టి, తేదీ, చోటు, దిక్కు రాసి, పక్కనే శాసన పాఠం కూడా టైపు చేసుకోవచ్చు. తెలుగులో రాసినా ఏ ఇబ్బందీ లేదు. పుస్తకాలూ వ్యాసాల లెక్కకి జొటేరో. రెండూ అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్రకారులే చరిత్రకారుల కోసం తయారుచేసినవి, అందుకే మన పని తీరుకి సరిగ్గా అతుకుతాయి. ఒక గుడి ఫోటోలన్నిటికీ ఇలా కూర్చుని రాయడానికి రెండు ఆదివారాలు పోతాయి. పోనివ్వండి, తర్వాత ప్రాజెక్టు రాయడం మూడు రోజుల పని.

ఈమధ్య పిల్లలు ఏఐని అడిగి రాసుకొస్తున్నారు. మాట్లాడుకోవడానికి, ఇంగ్లీషు పేరా అర్థం చేసుకోవడానికి వాడండి, తప్పులేదు. కానీ శాసనం సంఖ్య, శకం, పుస్తకం పేజీ లాంటివి అది చెప్పింది చెప్పినట్టు రాసెయ్యకండి. లేని పుస్తకాల పేర్లు కూడా ఉన్నట్టే చెబుతుంది. ఏ మాట రాసినా దాని వెనక స్కాన్ చేసిన అసలు పేజీ మీ కంటితో చూసి ఉండాలి. గూగుల్ లెన్స్ కూడా అంతే, బాగా ఫోటోలున్న పెద్ద గుళ్ళని గుర్తుపడుతుంది, పొలంలో పడి ఉన్న మన విరిగిన నందిని చూపిస్తే ఎక్కడిదో కర్ణాటక గుడి పేరు చెప్పినా చెబుతుంది.

దించుకున్నవి మీ దగ్గరే దాచుకోండి. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి వాళ్ళ డిజిటల్ సేకరణలు నెలల తరబడి అందలేదు. తర్వాతి ఏడాది అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా దాడికి గురై కొన్నాళ్ళు ఆగింది. పరీక్షల ముందు అలా జరిగితే ఎంత టెన్షనో ఊహించుకోండి. ఒక పెన్‌డ్రైవ్‌లో, ఇంకోటి స్నేహితుల ల్యాప్‌టాప్‌లో, అంతే చాలు.

త్రీడీ మోడళ్ళ మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి ఒక ముక్క. చుట్టూ తిరుగుతూ, ఒక ఫోటోలో కనబడినదాంట్లో మూడింట రెండు వంతులు తర్వాతి ఫోటోలో కూడా కనబడేలా తీస్తూ పోతే, మెష్‌రూమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని కలిపి బొమ్మ నిలబెడుతుంది. దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ కావాలి. లేకపోతే ఫోనులో పాలీకామ్ లాంటి యాప్‌లు సరిపోతాయి. మబ్బు పట్టిన రోజు తీయండి, ఎండలో నీడలు మోడల్ని పాడుచేస్తాయి. పెద్ద గుడి మీదకి మొదటే వెళ్ళకండి. ఊరి చివర రావిచెట్టు కింద పడి ఉన్న వీరగల్లో (యుద్ధంలో పోయిన వీరుడి గుర్తు రాయి), పానవట్టమో (శివలింగం కింది పీఠం) తీసుకోండి, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు పోయేవి అవే.

తీసినవాటిలో మంచివి కామన్స్‌లో పెట్టండి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వివరం రాసి. గుడి పేరు, గోడ దిక్కు, తేదీ ఉంటే చాలు, మీ పేరు దాని పక్కన ఉంటుంది, పేరు చెప్పాలనే లైసెన్సు ఎంచుకుంటే ప్రపంచంలో ఎవరు వాడుకున్నా ఆ పేరు చెప్పాలి. కొత్త ఫోటోలే కాదు. విజయనగరంలో మూడు లాంతర్ల స్తంభం 2020లో తీసేశారు. కోట చుట్టుపక్కల, గంటస్తంభం దగ్గర, పాత వీధుల్లో ఉన్న పెంకుటిళ్ళూ మండువా లోగిళ్ళూ ఎన్నో ఇప్పుడు లేవు. కానీ మన ఇళ్ళలో పెళ్ళి ఆల్బమ్‌లు, కాలేజీ గ్రూపు ఫోటోలు ఉన్నాయి, ఆ మనుషుల వెనకాల అవి నిలబడే ఉంటాయి. ట్రంకుపెట్టెలోంచి తీసి 600 డీపీఐలో స్కాన్ చేయించండి, జెపెగ్ కాకుండా టిఫ్ ఫైలుగా అడగండి, ఫోటో వెనక స్టూడియో ముద్రో చేతిరాతో ఉంటే ఆ వైపు కూడా స్కాన్ చెయ్యమనండి. ఫోటోలో ఉన్నవాళ్ళలో బతికున్నవాళ్ళని అడిగి వెనకాల ఉన్నది ఏ వీధో, ఏ ఏడాదో ఇప్పుడే రాసుకోండి, మొహాలు ఉన్న ఫోటో అయితే వాళ్ళు ఒప్పుకున్నాకే బయట పెట్టండి.